ముత్తాతగారి పచ్చరంగు

జూన్ 4, మంగళవారం

ఫౌండేషన్ మొదటి మీటింగు బ్రహ్మాండంగా జరిగింది. మీటింగంటే ముగ్గురం. నేను, వదిన, ఫోన్లో మా అమ్మాయి చిట్టి. ఆఫీసు మెట్ల మీద నిలబడి వింటున్నానంది గానీ విన్నదో లేదో తెలియదు. మధ్యలో ఎవరితోనో "నాకు కాఫీలో చక్కెర వద్దు" అంది. దాన్ని కూడా తీర్మానంలో రాయమంటావా అని అడిగాను. నవ్వలేదు. వాళ్ళమ్మయితే నవ్వేది.

మా ఆవిడ పేరు మీద ఏదో ఒకటి చెయ్యాలని తను పోయిన దగ్గర్నుంచీ బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను. తను లెక్కల టీచరు కదా, పిల్లలకి లెక్కల బహుమతి పెడదామంటే వదిన పెదవి విరిచింది. "దాని పుట్టిల్లు బాగు చేయించు డాక్టరూ. ముత్తాతగారు కట్టిన ఇల్లు. ఇలాంటిది ఇంకెవరికుంది?" అంది. వదిన తనకి స్వయానా అక్క. పెళ్ళి మాటెత్తితే అన్నం మానేసే మనిషి కనక పుట్టిన ఇంట్లోనే ఉండిపోయింది. నేను అదే ఇంటికి ఇల్లరికపు అల్లుణ్ణి. అంటే ఇల్లు వాళ్ళది, అద్దె కట్టకుండా మాటలు పడే హక్కు నాది.

తీర్మానం నేనే చదివాను. ఇంటిని ముత్తాతగారు కట్టిన నాటి రూపానికి తీసుకురావాలి, ఆ తర్వాత చేర్చినవన్నీ తీసెయ్యాలి. దాని మీద ఓ ఉపన్యాసం కూడా ఇచ్చాను. పుచ్చిన భాగం మొత్తం తీస్తేగానీ పన్ను నిలవదని నా వృత్తి ధర్మం ప్రకారం ఒక పోలిక కూడా వేశాను. వదిన చప్పట్లు కొట్టింది. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టాక నా మాటకి వదిన చప్పట్లు కొట్టడం ఇదే మొదలు. ఆ ఊపులో రెండోసారి చదివి సంతకం పెట్టాను.

జూన్ 6

ఆర్కిటెక్టు వచ్చింది. పాత ఇళ్ళు బాగుచెయ్యడమే ఆ అమ్మాయి చదువట. ఇంట్లో కూడా హెల్మెట్ తియ్యదు. ఇల్లు మీద పడుతుందనో, వదిన మీద పడుతుందనో.

జూన్ 10, సోమవారం

ఇల్లంతా సుద్దముక్క గీతలు. తీసెయ్యాల్సిన వాటి మీద పసుపుపచ్చ సుద్దతో ఇంటూ మార్కు పెడుతోంది ఆర్కిటెక్టు. స్నానాల గదికి ఒక ఇంటూ. వంటింటి గట్టుకి ఒకటి. మామగారు మోజుపడి వేయించిన మెట్ల కటకటాలకి ఒకటి. మేస్త్రి వెనకాలే తిరుగుతూ ప్రతి ఇంటూకీ "అయ్యో, గట్టి పనండీ ఇది" అని నిట్టూరుస్తున్నాడు. కూలగొట్టడానికి వచ్చినవాడు నిట్టూర్చడమేమిటో నాకర్థం కాలేదు. ఇల్లు పీకి పందిరేసినట్టుంటుందని చిట్టి ముందే అంది. పందిరి కూడా దక్కుతుందో లేదో.

మేడ మీద పడమటి గదికి వెళ్ళాం. అది మా గది. అక్కడి కిటికీ మీద కూడా ఇంటూ పెట్టింది.

"ఈ గోడలన్నీ మూర మందం సార్. ముత్తాతగారు పడమర వైపు కిటికీలు పెట్టలేదు. ఇది తర్వాత కొట్టిన కన్నం" అంది.

ఆ సంగతి నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో నేను పై చదువుకి వేరే ఊరు వెళ్ళి తిరిగొచ్చేసరికి అక్కడ కిటికీ ఉంది. "మీ ముత్తాతగారి గోడకి చిల్లు పెట్టావు, ఆయన కల్లోకి రాలేదా?" అని జీవితాంతం ఏడిపించాను. తను పడీపడీ నవ్వేది. ఫౌండేషన్ కోసం వేయిస్తున్న బ్రోషర్‌లో దీని మీదే ఒక పేరా రాశాను: 'వెలుగు కోసం ప్రాచీనమైన గోడను ఛేదించిన ధీర వనిత.' అచ్చుకి కూడా వెళ్ళిపోయింది.

ఆర్కిటెక్టు కిటికీ చట్రాన్ని వేలితో తట్టి చూసింది. "విచిత్రంగా ఉంది సార్. చట్రం ముత్తాతగారి నాటిదే, పెరటి కొట్టాం తలుపుల కర్ర, ఆ గడియ గుర్తులు కూడా ఉన్నాయి. కొత్త కిటికీకి పాత చట్రం ఎందుకు తెచ్చిపెట్టారో?" అని నన్నడిగింది. నాకేం తెలుసు? నన్ను ఈ ఇంట్లో ఎవరైనా ఏదైనా అడిగి చేస్తే కదా.

కిటికీ మూసేస్తారని వదినకి చెబితే, "మూస్తే మూయనీ. అదేమైనా మా చెల్లెలు మనసుపడి పెట్టించుకున్నదా?" అంది. ఎంత కఠినమైన మనిషి! తను ముప్పై ఏళ్ళకి పైగా అక్కడే కూర్చుని పేపర్లు దిద్దింది.

నాకేం పట్టలేదు. తీర్మానం తీర్మానమే.

సాయంత్రం వదిన నన్ను వెనకనుంచి చూసి ఒకటే నవ్వు. గోడకి ఆనుకున్నట్టున్నాను, చొక్కా వీపు మీద ఇంటూ మార్కు అచ్చు పడింది. "చూశావా, ఆ అమ్మాయి మనిషిని సరిగ్గానే గుర్తుపట్టింది. నువ్వూ తర్వాత చేర్చినవాడివేగా" అంది. చొక్కా నేనే ఉతుక్కున్నాను.

జూన్ 11

కిటికీ అంటే ఎంత! రెండు రెక్కలు, కాసిని ఊచలు. నాకేం పట్టలేదు.

జూన్ 12

కుర్చీ మేడ మీదకి తెప్పించుకుని ఆ కిటికీ దగ్గర వేయించాను. కింద దుమ్ము భరించలేకుండా ఉంది. అందుకే.

జూన్ 17, సోమవారం

ఇవాళ రంగు తేలిందట.

గోడకి ముత్తాతగారు ఏ రంగు వేయించారో కనుక్కోవడానికి వీళ్ళకొక పద్ధతి ఉంది. చిన్న కత్తితో గోడని మెట్లు మెట్లుగా గీకుతారు. పై మెట్టు నిన్నటి రంగు, దాని కింద మెట్టు మొన్నటి రంగు, అలా దిగుతూ పోతే అన్నిటికన్నా అడుగున ఉన్నది కట్టిన నాటి రంగు. మిగతా గదుల్లో గోడలన్నీ మామగారు ఎప్పుడో గీకించి పారేశారు కనక అడుగు పొర ఎక్కడా మిగల్లేదు. ఎవరూ గీకనిది పడమటి గది ఒక్కటే. కిటికీ పక్కన అరచెయ్యంత జాగాలో గీకింది. తెలుపు, దాని కింద మీగడ రంగు, దాని కింద మళ్ళీ తెలుపు, అన్నిటికన్నా అడుగున పచ్చ. లేత జామకాయ పచ్చ.

"ఇదే సార్! దీని కింద ఇంకే పొరా లేదు. ఇల్లంతా ఇదే ఉండేది!" అంటూ ఆర్కిటెక్టు హెల్మెట్ తీసేసింది. అంత సంతోషం.

వదిన వంగి చూసింది. గోడని చేత్తో తడిమింది. కళ్ళంట నీళ్ళు కారిపోయాయి. "ఇదే. నాయనమ్మ చెప్పేది. ముత్తాతగారు వేయించిన రంగు ఇదే" అంది.

కిటికీ పోతుందంటే చలించని మనిషి ఒక రంగు చూసి ఏడవడం నాకు వింతగా అనిపించింది. ఇల్లంతా లోపలా బయటా ఇదే రంగు వెయ్యాలని అక్కడికక్కడే నిర్ణయం అయిపోయింది. ఆర్కిటెక్టు దానికి పేరు కూడా పెట్టింది, ముత్తాతగారి పచ్చ అని.

అందరూ దిగిపోయాక కుర్చీ ఆ గీకిన జాగా వైపు తిప్పుకుని కూర్చున్నాను. కిటికీలోంచి ఎండ కళ్ళలో పడుతోంది, అందుకే.

జూన్ 18

ఆ రంగు తనది.

నేను చదువు ముగించుకుని వచ్చిన రోజు గదంతా ఈ పచ్చే. తనే బకెట్లో కలిపిందట. పాళ్ళు కుదరక ఇలా వచ్చిందని చెప్పి సిగ్గుపడింది. "లెక్కల టీచరుకి పాళ్ళు కుదరకపోవడమేమిటి?" అని నేనన్నాను. అంతకు మించి ఏమన్నానో గుర్తులేదు. జామకాయలో పడుకున్నట్టుంది అన్నానేమో.

మరి అన్నిటికన్నా అడుగున ఆ రంగు ఎలా ఉంటుంది? ముత్తాతగారి గోడ మీద తను వేసిందైతే దాని కింద ముత్తాతగారిదో, తాతగారిదో ఒక సున్నమైనా ఉండాలి కదా. లేదు. నేను కూడా కళ్ళజోడు పెట్టుకుని చూశాను. పచ్చే ఆఖరు.

అయితే పచ్చరంగు ముందే ఉండేదా? తను ఉన్నదాని మీదే మళ్ళీ వేసిందా? బకెట్ నేను కల్పించుకున్నానా? అసలు తను సిగ్గుపడిందా?

జూన్ 20

చిట్టికి ఫోన్ చేశాను. "అమ్మ గదికి ఏ రంగుండేదో గుర్తుందా?" అంటే, "తెలుపు కదా నాన్నా" అంది. అది పుట్టాక వేసింది తెలుపు. దాన్నడిగి ఏం లాభం?

"నాన్నా, అమ్మ కిటికీ మూసేస్తున్నారటగా. నీకు ఫరవాలేదా?" అని అడిగింది.

"నాకేం పట్టలేదు" అన్నాను.

"మరి ఎందుకలా గొంతు పెంచుతున్నావు?" అంది. ఈ మధ్య చిట్టి ఫోన్లో అన్నీ గట్టిగా వినిపిస్తున్నాయి.

జూన్ 24, సోమవారం

వదిననే అడిగేశాను. వంటింటి గట్టు తీసేశారు కనక స్టవ్వు నేల మీద పెట్టి పీట వేసుకుని టీ కాస్తోంది.

"వదినా, మా గదికి ఆ పచ్చరంగు తను వేసింది కదా?"

"ఎవరు చెప్పారు?"

"నేను చూశాను."

"నువ్వు వచ్చేసరికి ఉంది. వేస్తుంటే చూశావా?"

చూడలేదు. ఆ మాటా నిజమే.

"మరి తనే కలిపానని చెప్పింది."

"అది చెప్పినవన్నీ నమ్మేవాడివి నువ్వు. పాలు పొంగుతున్నాయి, పక్కకి జరుగు" అంది. పాలు పొంగట్లేదు.

మళ్ళీ పైకెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే. రంగు తనదైతే, ఇల్లంతా తన రంగే వేస్తున్నారు, సంతోషించాలి. కానీ ముత్తాతగారి పేరు పెట్టి వేస్తున్నారు. తన పేరు మీద పెట్టిన ఫౌండేషన్ తన కిటికీని మూసేసి, తన రంగుని ముత్తాతకి రాసిచ్చేస్తుంది. రంగు ముత్తాతదైతే ఈ ఇంట్లో తనదంటూ ఏం మిగిలింది? గేటు మీద ఫౌండేషన్ బోర్డు. అంతే. దాని అధ్యక్షుణ్ణి నేను.

తీర్మానం రాసినవాణ్ణి నాలుగు తన్నాలనిపించింది. వాడు చప్పట్లకి లొంగే రకం.

జూన్ 27

కిటికీ వచ్చే వారం మూస్తారట. ఇటుకలు దిగాయి.

జూన్ 28, శుక్రవారం

దీన్ని వరసగా రాసుకోవాలి, లేకపోతే ఇది కూడా కల్పించుకున్నానేమో అనిపిస్తుంది.

క్లినిక్ మూసేసినా నా పనిముట్ల పెట్టె దగ్గరే ఉంది. అందులోంచి పళ్ళు గుచ్చి చూసే వంకర సూది తీశాను. పన్ను పైకి తెల్లగా మెరుస్తున్నా లోపల ఏముందో ఆ సూది మొన చేతికి చెబుతుంది. మెత్తబడిన పన్నులో దిగి పట్టుకుంటుంది, గట్టి పన్ను మీద జారిపోతుంది. కళ్ళు మోసం చేస్తాయేమో గానీ ఆ సూది నన్నెప్పుడూ మోసం చెయ్యలేదు.

ముందు పక్క గోడ మీద, అంటే ఉత్తరపు గోడ మీద గుచ్చాను. సున్నపు గోడ. సూది బెల్లంలో దిగినట్టు దిగింది. తర్వాత కిటికీ ఉన్న పడమటి గోడ దగ్గరికి వచ్చి, గీకిన పచ్చ మీద గుచ్చాను. జారిపోయింది. కింద గుచ్చాను, పైన గుచ్చాను, కిటికీకి రెండు పక్కలా గుచ్చాను. అంతటా జారిపోయింది. సిమెంటు.

ముత్తాతగారి రోజుల్లో ఈ ఇంటికి సిమెంటెక్కడిది?

నేను కల్పించుకోలేదు. బకెట్ ఉంది. తను సిగ్గుపడింది. ఆ రంగు తనదే! నాకు పట్టరాని సంతోషం వేసింది. గబగబా కిందకి దిగి ఆర్కిటెక్టుని చెయ్యి పట్టుకుని పైకి లాక్కొచ్చాను. సూది చేతికిచ్చాను. ఆ అమ్మాయి గుచ్చింది. మొహం తెల్లబోయింది. రంగు గీకి చూసింది గానీ గోడ గీకి చూడలేదట. మంచిపిల్ల, తప్పు తనదేనని వెంటనే ఒప్పుకుంది.

"మీరు చెప్పకపోతే ఇల్లంతా తప్పు రంగు వేసేసేవాళ్ళం సార్" అంది.

తప్పు రంగు అన్న మాట అప్పుడు నా చెవికి సరిగ్గా ఎక్కలేదు.

జూన్ 29

ఎక్కింది.

పచ్చరంగు రద్దు. ఇల్లంతా తెల్లసున్నం. అది సరే. ఆర్కిటెక్టు ఇంకో మాట చెప్పింది. "గోడ మొత్తం తర్వాత కట్టింది సార్. మీ తీర్మానం ప్రకారం ఇప్పుడు కిటికీ ఒక్కటే కాదు, గోడ గోడంతా తీసేసి సున్నంతో మళ్ళీ కట్టాలి."

కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో పుస్తకాల్లో చదవడమే. కిటికీ పోతుందని ఏడుస్తూ కూర్చున్నవాణ్ణి స్వహస్తాలతో గోడనే అప్పజెప్పాను.

ఏడుస్తూ కూర్చున్నానని రాశాను. సరే, ఉండనీ.

జూలై 1

వదిన నాతో మాట్లాడటం లేదు. టీ గ్లాసు నేల మీద ఠంగుమని పెట్టి వెళ్ళిపోతోంది.

జూలై 2, మంగళవారం

ఇవాళ మాట్లాడింది. మాట్లాడకపోయినా బాగుండేది, బాగుండేది కాదు కూడా.

పైకొచ్చింది. మెట్లకి కటకటాలు లేవు కనక గోడ పట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది. నా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"జీవితమంతా అందరి నోళ్ళూ తెరిపించావు డాక్టరూ. ఒక్కసారి నీ నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేది?"

"రంగు తనదని మీకు తెలుసా వదినా?"

"తెలియకపోవడమేమిటి? బకెట్ పట్టుకుంది నేనే. ఇల్లంతా మా చెల్లెలి రంగు వేయించబోయాను. ముత్తాతగారి పేరు చెబితే తప్ప ఆ హెల్మెట్ పిల్ల వెయ్యనివ్వదు. నాయనమ్మని అడ్డం పెట్టుకుని ఏడ్చి మరీ ఒప్పించాను. ఉత్త ఏడుపు కాదు, నిజంగానే వచ్చింది. నువ్వు సూది పట్టుకుని తయారయ్యావు."

చొక్కా జేబులోంచి సూది తీసి కిటికీ మీద పెట్టాను.

"మరి గోడ?"

"పడిపోయింది."

"ఎప్పుడు?"

"నువ్వు చదువుకెళ్ళిన ఏడాది. వానల్లో. నాన్న అప్పటికే మంచాన పడ్డాడు. తెల్లారి లేచి చూస్తే ఈ గదికి గోడ లేదు. పడమరంతా కనిపిస్తోంది. పైకప్పు కూలకుండా కర్రలు ఆన్చి, టార్పాలిన్ కట్టి, దాని వెనకే కాపరం చేశాం. చిట్టి కడుపులో ఉంది."

"నాకు ఉత్తరాల్లో అంతా కులాసా అని రాసేది."

"మరి రాయదూ? గోడ పడిందని రాస్తే నువ్వు చదువు మానేసి వచ్చేస్తావని దాని భయం. నా చేత ఒట్టు వేయించుకుంది. మేస్త్రిని మాట్లాడింది, ఇసక జల్లించింది, కడుపుతో ఉండి ఇటుకలు అందిచ్చింది. నువ్వొచ్చాక చెప్పేదేనేమో. నువ్వు గుమ్మంలోనే నవ్వుతూ 'మీ ముత్తాతగారి గోడకి చిల్లు పెట్టావా' అన్నావు. అదీ నవ్వింది. ఆ నవ్వు దానికి బాగా నచ్చింది. ఇంక చెప్పొద్దు అక్కా, ఇదే బాగుంది అంది."

కింద మేస్త్రి ఎవర్నో తిడుతున్నాడు.

"మరి కిటికీ?" అని అడిగాను. ఏం వినాలనుకున్నానో నాకు తెలుసు. నేను వచ్చే దారి కనబడుతుందని పెట్టించిందని వదిన అంటుందనుకున్నాను. ఇది నా డైరీ, దాచుకోవడమెందుకు?

"ఇటుకలు అయిపోయాయి" అంది వదిన.

"ఆఁ?"

"పాతవి సగం పొడైపోయాయి. కొత్తవి తెద్దామంటే వానలకి బట్టీ ఆపేశారు. మధ్యలో ఇంత జాగా మిగిలిపోయింది. పెరటి కొట్టాం తలుపు చట్రం పీకి అందులో ఇరికించాం. అదీ నీ కిటికీ కథ. వెలుగు కోసం ఛేదించిందట! బ్రోషర్ చదివి నేను నవ్వలేక చచ్చాను. అందుకే మూస్తే మూయనీ అన్నాను. అది దిక్కులేక పెట్టిన కిటికీ. రంగయితే అది ఏరి, కోరి, కలుపుకున్నది."

జూలై 3

ఇటుకలు అయిపోయాయి.

జూలై 4

ఏమీ అర్థం కావడం లేదు. కోపం ఎవరి మీదో తెలియడం లేదు. నా మీదా, తన మీదా, బట్టీవాడి మీదా? గోడ కూలిన గదిలో కడుపుతో పడుకున్న మనిషి నాకు 'అంతా కులాసా' అని రాస్తే, నేను అక్కడ హాస్టల్లో కులాసాగానే ఉన్నాను. అన్నేళ్ళు పక్కనే ఉన్నాను, ఆవిడెవరో నాకు తెలియనట్టుంది. బ్రోషర్లో ఉన్నావిడయితే కాదు.

కానీ నవ్వు? ఆ నవ్వు అబద్ధమా? నేను ప్రతిసారీ ముత్తాతగారి గోడ అంటుంటే, మనసులో ఇటుకలు తలుచుకుని నవ్వేదన్నమాట. నా జోకుకి కాదు నవ్వింది, నన్ను చూసి. ఎంత గడుసుది!

రాస్తుంటే నాకూ నవ్వొస్తోంది. ముక్కు కారుతోంది కూడా.

జూలై 5, శుక్రవారం

మీటింగు పెట్టమన్నాను. నేను, వదిన, ఫోన్లో చిట్టి. ఈసారి ఆర్కిటెక్టుని కూడా కూర్చోమన్నాను.

నేను ఉపన్యాసం రాసుకెళ్ళలేదు. నా తీర్మానాన్ని నేనే వెనక్కి తీసుకుంటున్నానన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, కానీ ఆకులైనా పట్టుకోవాలి కదా అన్నాను. మిగతా ఇల్లు ముత్తాతగారికి ఇచ్చెయ్యండి, తెల్లసున్నం వెయ్యండి, నాకేం పట్టదు. నిజంగానే పట్టదు. పడమటి గోడ మాత్రం తనది. కిటికీతో సహా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

ఆర్కిటెక్టు ఇబ్బందిగా కదిలింది. "ఒక ఇంట్లో రెండు కాలాలుంటే చూసేవాళ్ళకి గందరగోళంగా ఉంటుంది సార్."

"ఉండనీ అమ్మా. అధ్యక్షుడికే గందరగోళంగా ఉంది" అన్నాను.

వదిన మాత్రం, "గోడకి నేనూ సరే. పైనున్న తెలుపులన్నీ గీకించి పచ్చ బయటికి తీయించు. కిటికీ ఎందుకు? అది దిక్కులేక పెట్టింది అని చెప్పానుగా" అంది.

అప్పుడు నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో కోపం తన్నుకొచ్చింది. "దిక్కులేక పెట్టింది. తర్వాత ముప్పై ఏళ్ళు దాని దగ్గరే కూర్చుంది. బట్టీలు మళ్ళీ తెరిచారు కదా, ఇటుకలు దొరికాయి కదా, మూయించిందా? దిక్కులేక తెచ్చుకున్నదాన్ని ఇష్టపడకూడదా వదినా? నాకు అప్పుడు అద్దె కట్టే దిక్కు లేకే ఈ ఇంటికి ఇల్లరికం వచ్చాను. తర్వాత చేర్చినవన్నీ తీసెయ్యాలంటే ముందు నన్ను తీసెయ్యండి."

"ఆ మాట నేను నీ పెళ్ళి నాటినుంచీ అంటున్నాను" అంది వదిన.

చిట్టి ఫోన్లో ఫక్కున నవ్వింది. అచ్చం వాళ్ళమ్మే. చిట్టితో సహా ముగ్గురం ఉలిక్కిపడ్డాం. ఆర్కిటెక్టుకి ఏం జరిగిందో అర్థం కాలేదు పాపం.

వదిన కొంగుతో మొహం తుడుచుకుని, "రాసుకో డాక్టరూ. కిటికీ ఉంటుంది" అంది. చిట్టి కూడా సరేనంది. తర్వాత చిన్నగా, "నేను కడుపులో ఉండి ఇటుకలు మోశానా నాన్నా?" అని అడిగింది. ఫోను వదిన వైపు జరిపాను. వదినే చెప్పింది.

జూలై 15

గోడ మీద తెలుపులన్నీ గీకేశారు. పచ్చ బయటపడింది. గీకడంలో కొన్ని చోట్ల పచ్చ కూడా లేచిపోయింది. అక్కడ అతుకు వెయ్యాలి. ఆ రంగు కొట్లో దొరకదు.

జూలై 17, బుధవారం

వదినా నేనూ బకెట్ ముందేసుకుని కూర్చున్నాం. తెలుపులో నీలం పొడి, పసుపు పొడి. "ముందు పసుపు వేసింది" అంటుంది వదిన. "మీకు గుర్తులేదు" అంటాను నేను, అక్కడ లేనివాణ్ణి. మొదటిది బఠాణీ రంగు వచ్చింది. రెండోది పాచి. మూడోది చూసి మేస్త్రి, "వాంతొస్తుందండీ" అని కిందకి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఇద్దరి చేతులూ మోచేతులదాకా పచ్చ.

పాళ్ళు కుదరలేదు. ఉన్నవాటిలో కాస్త మేలైనది పూసేశాం. దగ్గరికెళ్ళి చూస్తే ఎక్కడెక్కడ అతుకులున్నాయో తెలిసిపోతుంది. నా జన్మలో ఇంత అధ్వాన్నమైన ఫిల్లింగు వెయ్యలేదు. మళ్ళీ కలుపుదామా అంటే వదిన, "వద్దులే. దానికీ కుదరలేదుగా" అంది.

ఆగస్టు 9, శుక్రవారం

గదులన్నిటి బయటా చిన్న పలకలు పెడుతున్నారు. హాలు, కట్టిన నాటిది. ధాన్యపు గది, కట్టిన నాటిది. బ్రోషర్ మళ్ళీ అచ్చు వేయించాను. ధీర వనిత పేరా కొట్టేశాను. దాని బదులు ఏం రాయాలో తోచక జాగా ఖాళీగా వదిలేశాను.

ఆర్కిటెక్టు పడమటి గది గుమ్మంలో నిలబడి పెన్ను పట్టుకుని అడిగింది. "ఈ గదికి ఏ కాలం అని రాయమంటారు సార్?"

తన కాలం అనాలా? ముత్తాతగారి చట్రం, సిమెంటు గోడ, మేం కలిపిన తప్పు రంగు. ఏ కాలం అది?

వదిన ఆ అమ్మాయి చేతిలో పలకని తొంగిచూసి, "ఇటుకలు అయిపోయిన కాలం అని రాయమ్మా" అంది.

ఆర్కిటెక్టు జోకనుకుంది. నేను రాయమన్నాను. రాసింది.

ఆగస్టు 10

మధ్యాహ్నమంతా కిటికీ దగ్గర కూర్చున్నాను. కింద దుమ్మేమీ లేదు. పని అయిపోయింది. కూర్చోవాలనిపించి కూర్చున్నాను.